కొలత ఫోటో

మా మరిది ఎక్కినన్ని కొత్త కార్లు ఏ కోటీశ్వరుడూ ఎక్కి ఉండడు. ఇంకా నంబరు ప్లేటు రాని కార్లు, సీట్ల మీద కవర్లు తియ్యని కార్లు, తలుపు తీస్తే కొత్త వాసన గుప్పుమనే కార్లు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా వాటిని తిప్పి, ఇంటికి మాత్రం పాత స్కూటరు మీద వచ్చేవాడు. వానాకాలంలో దాని చిరిగిన సీటుకి ప్లాస్టిక్ సంచి కట్టి, "మన బండికి కూడా ఇంకా కవరు తియ్యలేదు చూశావా వదినా" అనేవాడు.

మా ఆయన ఫోటోగ్రాఫరు. పెళ్ళిళ్ళకి తీసే ఫోటోగ్రాఫరు కాదు, కార్లకి తీసే ఫోటోగ్రాఫరు. కార్ల కంపెనీలు పంచిపెట్టే రంగురంగుల పుస్తకాల్లో ఒక కారు గాలిని చీల్చుకుంటూ పోతున్నట్టు కనిపిస్తుందే, అలాంటివి తీస్తారు. ఆ కారు నడిపేది మా మరిది. మలుపు దగ్గర ఎర్రజెండా పట్టుకుని వెనక వచ్చే లారీలవాళ్ళ చేత తిట్లు తినేది నేను. ముగ్గురం కలిసి ఒక కంపెనీ అని చెప్పుకునేవాళ్ళం, ఎవరూ నమ్మకపోయినా.

ఆ గాలిని చీల్చుకుపోవడం అంతా ఉత్తుత్తిదే. కారు మన పిల్లలు సైకిలు తొక్కే వేగం కంటే కాస్త జోరుగా వెళ్తుంది, అంతే. మిగతాదంతా కెమెరాలో ఉంటుంది. షట్టరు చటుక్కున మూసుకునేలా పెడితే, అంటే సెకనులో వెయ్యో వంతు పెడితే, చక్రం ఎక్కడిది అక్కడే నిలబడిపోతుంది. చువ్వలు లెక్కపెట్టుకోవచ్చు. కారు ఎంత వేగంగా పోతున్నా సరే, ఎవరో రోడ్డు మధ్యలో ఆపేసి కూరగాయలకి వెళ్ళినట్టుంటుంది ఫోటోలో. అదే ముప్పయ్యో వంతుకి దించి, కారుతో పాటు నడుం తిప్పుతూ మెల్లగా నొక్కితే కారు స్పష్టంగా నిలుస్తుంది, చక్రాలు తిరుగుతాయి, వెనక చెట్లు గీతలైపోతాయి. ఎండలో షట్టరు అంతసేపు తెరిచి ఉంచితే ఫోటో తెల్లబోతుంది కాబట్టి ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుని పట్టుకునే చురుకు, అడుగుకి దించాలి, లెన్సు కన్ను చిన్నది చెయ్యాలి, అదీ చాలకపోతే లెన్సు ముందు ఒక నల్లద్దం బిగించాలి. ఫోకస్ చుక్కని కారు ముందు దీపం మీద పెట్టి, కారు దాటిపోయేదాకా ఆ దీపాన్ని వదలకూడదు. "దీపం వదిలితే అంతే సంగతులు" అంటారు మా ఆయన. ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఇంట్లో ఆయన ఇంకేం మాట్లాడరు కాబట్టి.

ఇంకో అద్దం కూడా ఉంది. లెన్సు ముందు బిగించి గుండ్రంగా తిప్పుతారు. దాన్ని నేను తిప్పుడద్దం అంటాను. ఒకవైపు తిప్పితే కారు ముందద్దం మీద మెరుపు మాయమైపోయి లోపల మనిషి కడిగిన ముత్యంలా కనిపిస్తాడు. ఇంకోవైపు తిప్పితే ఆకాశం వచ్చి అద్దం మీద కూర్చుంటుంది, మబ్బులతో సహా, లోపల ఎవరున్నారో తెలీదు. కంపెనీలవాళ్ళకి ఎప్పుడూ ఆకాశమే కావాలి. కొనేవాడు ఆ సీట్లో తనని తాను ఊహించుకోవాలట. అక్కడ వేరేవాడి మొహం ఉంటే మనసు విరిగిపోతుందట.

అందుకని మా మరిది పనిలోకి నల్లచొక్కా, నల్లటోపీ, చేతికి నల్ల తొడుగులు వేసుకుని వచ్చేవాడు. ఆకాశం కప్పినా ఎక్కడో ఒక మూల కనిపిస్తాడేమోనని. పేరు పోయి అదే మిగిలింది, వీధి వీధంతా నల్లచొక్కా అనే పిలిచేవారు. ఒకసారి ఎవరి పెళ్ళికో నీలం చొక్కా వేసుకొస్తే పక్కింటి పెద్దాయన, "మీ నల్లచొక్కా రాలేదేం?" అని అతన్నే అడిగారు. అతనూ తక్కువ తిన్నవాడు కాదు, "వస్తాడండీ, ఉతికి ఆరేశారు" అని చెప్పి భోజనానికి వెళ్ళిపోయాడు.

ఆ చొక్కాలన్నీ కుట్టింది మా తోడికోడలే. బట్టల కుట్టుకొట్టులో పని ఆమెది. నల్ల గుడ్డ మీద నల్ల దారం కనబడక కళ్ళు పోతున్నాయని సణుగుతూనే కుట్టేది. "అక్కా, లోకంలో మొగుళ్ళందరూ బాగా కనబడాలని చొక్కాలు కుట్టించుకుంటారు. మా ఆయన ఒక్కరే కనబడకుండా ఉండటానికి కుట్టించుకుంటారు" అనేది. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

అతను కారు నడపటం ఆమె ఎప్పుడూ చూడలేదు. మా పని తెల్లారకముందే ఊరి బయట మొదలై మధ్యాహ్నం దాకా సాగుతుంది, ఆమేమో పొద్దున్నే కొట్టు తలుపులు తియ్యాలి. పైగా ఆ కార్లలో డ్రైవరు తప్ప రెండో మనిషి కూర్చోకూడదని కంపెనీవాళ్ళు సంతకం పెట్టించుకుంటారు. పక్క సీటు కవరు మీద ముడత పడినా మా మెడకే చుట్టుకుంటుంది. "ఒక్కరోజు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కొండ మలుపు తిప్పాలి వదినా, స్కూటరు మీద అయితే వెనక కూర్చుని నా వీపు తప్ప ఏమీ చూడదు" అనేవాడు. ఎన్ని ఏళ్ళు అన్నాడో. నేనూ "సరే చూద్దాంలే" అనేదాన్ని, అనడానికి డబ్బులు కావు కదా.

మామూలు ఫోటోల్లో మా మరిది అసలు బాగోడు. కెమెరా ముందు నిలబెడితే చాలు, కొయ్యలా బిగుసుకుపోతాడు. లైసెన్సు మీది ఫోటో చూస్తే చెయ్యని నేరం ఒప్పుకుంటున్నట్టుంటుంది. వాళ్ళ పెళ్ళి ఫోటోల్లో సగం వాటిలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. కానీ స్టీరింగు ముందు కూర్చున్నాడంటే వేరే మనిషి. ఒళ్ళంతా వదులైపోయి, మొహం విప్పారి, ఆ ఇరుకు సీట్లో చిన్నపిల్లాడు ఉయ్యాల ఎక్కినట్టుండేవాడు.

అది చూసే అదృష్టం నాకు కొలత ఫోటో వేళ దక్కేది. కొలత ఫోటో అంటే, అసలు పని మొదలుపెట్టే ముందు వెలుగు ఎంతుందో చూసుకోవడానికి మా ఆయన తీసే మొదటి ఫోటో. తిప్పుడద్దాన్ని ముందు మెరుపు పోయేవైపు తిప్పి, షట్టరు వెయ్యో వంతులో పెట్టి, కారుని ఒకసారి రమ్మంటారు. అది చూసుకున్నాక అద్దాన్ని ఆకాశంవైపు తిప్పి, షట్టరు దించి అసలువి మొదలుపెడతారు. ఆ మొదటి రౌండు లెక్కలోకి రాదని మా మరిదికి తెలుసు. ఇక చూడాలి వేషాలు! కిటికీ దించుకుని, టోపీ వెనక్కి నెట్టుకుని, నన్ను దాటేటప్పుడు మంత్రిగారిలా చెయ్యూపేవాడు. ఒకసారి అరటిపండు తింటూ వచ్చాడు. ఒకసారి నా నల్ల కళ్ళజోడు కొట్టేసి పెట్టుకుని మూతి సున్నాలా చుట్టుకుని వచ్చాడు. ఇంక పాటలు సరేసరి, శ్రుతి ఒక ఊళ్ళో ఉంటే అతని గొంతు ఇంకో ఊళ్ళో ఉండేది.

మా ఆయన ఆ ఫోటోని అక్కడికక్కడే చెరిపేసేవారు. వెలుగు చూసుకోవడం, చెరిపెయ్యడం, "ఒరేయ్, ఇక మనిషిలా రా" అని అరవడం, ఈ మూడూ ఒకే ఊపిరిలో అయిపోయేవి. దానికో కారణముంది. పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒక కంపెనీ పెద్దమనుషులకి తెరమీద ఫోటోలు చూపిస్తుంటే మొట్టమొదట వచ్చింది మా మరిది నాలుక చాపిన మొహం, గోడంత. ఆ పని చేజారిపోయింది. అప్పటినుంచి, ఫోటోలు దాచుకునే కెమెరా కార్డు సంగతిలో మా ఆయనది ఒకటే మాట, "కార్డులో చెత్త ఉండకూడదు." ఆయన మాట అంటే రాతి మీద చెక్కినట్టే, ఇంక నేను కాదు కదా ఎవరు చెప్పినా వినరు.

ఆఖరిసారి తీసింది ఒక ఎర్రకారు. కొండ పక్క రోడ్డు, అప్పుడే పొద్దు పొడిచింది, ఎండ పసుపు రంగులో అడ్డంగా పడుతోంది. కొలత ఫోటో రౌండులో మా మరిది నా ముందునుంచి వెళ్తూ ఒక వేషం వేశాడు. ఏమిటో తర్వాత చెప్తాను. నేను "పిచ్చోడా!" అని జెండా ఊపి నవ్వాను. మా ఆయన యథాప్రకారం నొక్కారు, చూశారు, చెరిపేశారు. ఆ రోజు అసలు ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. మధ్యాహ్నానికి సర్దేసుకుని వచ్చేశాం.

ఆ వారంలోనే ఒక పొద్దున పనికి బయల్దేరబోతూ, బూట్లు వేసుకుంటూ మంచం మీదే వెనక్కి వాలిపోయాడు మా మరిది. ఒక బూటు కాలికుంది, రెండోది చేతిలో ఉంది. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. నలభై దాటాయో లేదో. అంతకుముందు జలుబు చేసి పడుకున్నది కూడా నేను ఎరగను. మా తోడికోడలు బీరువా తీసి, వరసగా వేలాడుతున్న నల్లచొక్కాలన్నీ రెండు చేతులతో పక్కకి నెట్టి, వెనకాల ఉన్న నీలం చొక్కా తీసింది. "ఇవాళైనా కనబడనీ అక్కా" అంది.

మా ఆయన ఏడవలేదు. కెమెరా సంచి మంచం కిందకి తోసేశారు, నెలలు గడిచినా తియ్యలేదు. వచ్చిన పనులన్నీ వద్దన్నారు. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. నాకు కోపం వస్తే నా నోటికి హద్దుండదు, కానీ ఆ మనిషిని చూస్తే కోపం కూడా రాలేదు.

ఒకరోజు సాయంత్రం మా తోడికోడలు వచ్చింది. కొట్టునుంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర కొంగుకి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. చేతిలో ఎర్రకారు పుస్తకం. ఎక్కడో షోరూములో అడిగి తెచ్చుకుందట. మా ఆయన ముందు బల్ల మీద తెరిచి పెట్టింది.

"బావగారూ, ఇందులో మీ తమ్ముడు ఎక్కడ?"

మా ఆయన కారు ముందద్దం మీద వేలు పెట్టారు. "ఇక్కడమ్మా."

ఆమె వంగి చాలాసేపు చూసింది. "ఇక్కడ మబ్బుంది బావగారూ."

ఆయన వేలు అక్కడే ఉండిపోయింది.

"ఆయన కారు నడపడం నేనెప్పుడూ చూళ్ళేదు" అంది మా తోడికోడలు. "ఇంట్లో ఉన్న ఫోటోల్లో ఉన్నది ఆయన కాదు, ఎవరో బిగుసుకుపోయిన మనిషి. కారెక్కితే మనిషే మారిపోతాడని అక్క ఎప్పుడూ చెప్పేది. ఆ మొహం నాకు కావాలి. ఒక్కటంటే ఒక్క ఫోటో ఇవ్వండి. చక్రాలు తిరక్కపోయినా ఫరవాలేదు."

"వెతుకుతానమ్మా" అన్నారు మా ఆయన.

వెతికారు. ఏళ్ళ తరబడి తీసినవన్నీ కంప్యూటరుకి తగిలించే చిన్న పెట్టెల్లో దాచి ఉన్నాయి. కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్కటే తెరిచి, అద్దం దగ్గర పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, చివరికి రంగు గళ్ళు తప్ప ఏమీ మిగలనంత పెద్దది చేసి చూసేవారు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఎన్ని ఆకాశాలు చూశానో! పొద్దుటి ఆకాశం, వానకి ముందు ఆకాశం, కొమ్మలు అడ్డం పడ్డ ఆకాశం. ఒకదాంట్లో నల్ల తొడుగు వేసుకున్న వేళ్ళు కనిపించాయి. ఒకదాంట్లో చెవి అంచు కనిపించిందనుకున్నాం, తీరా చూస్తే అది ఆకు. అన్నీ మంచి ఫోటోలే. ఒక్కదాంట్లో కూడా దీపం మసకబారలేదు, ఒక్కదాంట్లో కూడా చక్రం ఆగలేదు. కార్డులో చెత్త ఉండకూడదంటిరిగా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

ఆఖరి పెట్టె కూడా అయిపోయాక ఆయన లేచి, మంచం కిందనుంచి కెమెరా సంచి లాగారు. లోపల ఎర్రకారు తీసిన కార్డు అలాగే ఉంది. ఆ రోజు తర్వాత దాని మీద ఏమీ తియ్యలేదు. దాన్ని జేబులో వేసుకుని ఇద్దరం కంప్యూటర్లు బాగుచేసే కొట్టుకి వెళ్ళాం.

కొట్టతను కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చెరిపేస్తే ఫోటో వెంటనే పోదు సార్. ఈ చోటు ఖాళీ అని రాసిపెట్టుకుంటుందంతే. ఆ చోట్లోకి ఇంకోటి వచ్చి కూర్చుంటేనే పోతుంది. మీరు ఇది చెరిపేశాక ఇంకేమైనా తీశారా?"

"తీశాను" అన్నారు మా ఆయన. "చాలా తీశాను."

అతను పెదవి విరిచాడు గానీ, రేపు రమ్మన్నాడు. మర్నాడు మా తోడికోడల్ని కూడా తీసుకుని వెళ్ళాం. ఆమె కొట్టుకి సెలవు పెట్టింది. కొట్టతను మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "ఒకటి వచ్చిందండీ. కానీ పూర్తిగా రాలేదు. తర్వాత తీసింది దీని మీదకి సగం దాకా ఎక్కేసింది" అని తెర మావైపు తిప్పాడు.

పైన ఆకాశం, దాని కింద చెట్లు, ఒక్కొక్క ఆకు విడివిడిగా ఉంది, ఏదీ గీత కాలేదు. దాని కింద ఎర్రకారు కప్పు. దాని కింద ముందద్దం, నీళ్ళలా తేటగా ఉంది, మబ్బు ముక్క కూడా లేదు. లోపల వెనక్కి నెట్టిన నల్లటోపీ. నుదురు. రెండు కళ్ళు. అక్కడినుంచి కిందదంతా పలకలాంటి బూడిదరంగు.

మా తోడికోడలు తెర దగ్గరికి, మొహం ఆనేంత దగ్గరికి వెళ్ళింది. బూడిదరంగు మీద చెయ్యి పెట్టి చూసింది, దుమ్ము తుడిస్తే కింద ఉన్నది కనిపిస్తుందేమో అన్నట్టు.

"నవ్వుతున్నారు" అంది. "కళ్ళ పక్కన ముడతలు చూడక్కా. నవ్వుతున్నారు."

మళ్ళీ కాసేపు చూసింది. "బావగారూ, ఈయన రోడ్డు చూడట్లేదు. కళ్ళు పక్కకున్నాయి. ఎటు చూస్తున్నారు?"

మా ఆయన తల అడ్డంగా ఊపారు.

"నేను దీపం చూశానమ్మా" అన్నారు. "ఫోకస్ దీపం మీద పెట్టాలి. దీపాన్నే చూస్తూ ఉన్నాను. వాణ్ణి చూళ్ళేదు. ఇన్నేళ్ళూ నా ముందునుంచే వెళ్ళాడమ్మా వాడు, నేను ఒక్కసారి కూడా వాణ్ణి చూళ్ళేదు."

అని ఆ కొట్లో, విప్పి పడేసిన కంప్యూటర్ల మధ్య నేలమీద కూలబడి ఏడ్చారు. తమ్ముడు పోయిన ఇన్నాళ్ళకి. కొట్టతను మంచినీళ్ళ సీసా తెచ్చి ఎవరికివ్వాలో తెలీక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

మా తోడికోడలు నావైపు తిరిగింది. "అక్కా, నువ్వు అక్కడే ఉన్నావుగా. నువ్వు చూశావా?"

చూశాను. కిటికీ దించి ఉంది, నాకు అతి దగ్గరినుంచి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఆమెకి చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో, చెప్పబోయి ప్రతిసారీ మాట మార్చేసేదాన్ని.

"పక్క సీటుతో మాట్లాడుతున్నాడే" అన్నాను. "అక్కడ నువ్వు కూర్చున్నట్టు. నువ్వు సీటు బెల్టు పెట్టుకోనంటే బతిమాలుతున్నట్టు చేతులు తిప్పుతున్నాడు. నన్ను దాటేటప్పుడు, 'భయపడుతోంది వదినా, నువ్వన్నా చెప్పు' అని అరిచాడు. నేను పిచ్చోడా అన్నాను."

ఆమె ఏడవలేదు. మెల్లగా తెరవైపు తిరిగి, అతని కళ్ళ దగ్గర వేలు పెట్టి, ఆ కళ్ళు చూస్తున్నవైపే అద్దం మీద జరుపుకుంటూ వెళ్ళింది. బూడిదరంగుకి కాస్త పైన పక్క సీటుకి తల ఆనించే దిండు కనిపిస్తోంది, ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. వేలు అక్కడ ఆగింది.

"నేను భయపడేదాన్ని కాదు" అంది.